ఆంధ్ర ప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001

ఆంధ్ర ప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 (2001లో 35వ చట్టం) లాభాపేక్ష లేకుండా పనిచేసే సంఘాల నమోదు, నిర్వహణ, రద్దులకు సంబంధించిన రాష్ట్ర చట్టం. గ్రామ గ్రంథాలయాలు, యువజన సంఘాలు, సాహితీ సంస్థలు, విద్యాసంస్థలను నడిపే సంఘాలు, సేవాసంస్థలు ఎక్కువగా ఈ చట్టం క్రిందనే నమోదవుతాయి. అయితే నమోదు పత్రం లభించినంత మాత్రాన సంఘానికి ఆదాయపు పన్ను మినహాయింపు గాని, విదేశీ విరాళాలు స్వీకరించే అర్హత గాని కలుగవు. వాటికి వేరువేరు కేంద్ర చట్టాలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని ఈ మూడు బాధ్యతలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

భారతదేశంలో సంఘాల నమోదుకు మూలం 1860 నాటి 21వ చట్టం. టెక్కలి, పలాస ప్రాంతాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఈ మార్పులన్నిటిలోను ఇక్కడి సంఘాలకు 1860 చట్టమే వర్తించింది. తెలంగాణ ప్రాంతంలో మాత్రం 1350 ఫసలీ నాటి హైదరాబాదు చట్టం అమలులో ఉండేది. ఒకే రాష్ట్రంలో రెండు చట్టాలు ఉండడం వలన కలిగిన ఇబ్బందిని 2001 చట్టం తొలగించింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ప్రభుత్వం ఇదే చట్టాన్ని తన పేరుతో అనుసరించింది.

ఏ సంస్థలకు వర్తిస్తుంది

కళలు, సాహిత్యం, విజ్ఞానం, క్రీడలు, మతం, దానధర్మం లేదా మరేదైనా ప్రజోపయోగం కొరకు కనీసం ఏడుగురు వ్యక్తులు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చును. వాడుకలో "సొసైటీ" అనే మాట సహకార సంఘాలకు కూడా చెల్లుతున్నందున కొంత గందరగోళం ఉన్నది. మత్స్యకారుల సహకార సంఘం, రైతులకు అప్పులిచ్చే పరపతి సంఘం సభ్యుల ఆర్థిక ప్రయోజనం కోసం ఏర్పడినవి. అవి 1964 నాటి సహకార సంఘాల చట్టం లేదా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం పరిధిలోకి వస్తాయి. జీడిపప్పు వ్యాపారం చేసి లాభాలు పంచుకొనదలచినవారికి 2001 చట్టం తగినది కాదు. ఈ చట్టం క్రింద నమోదైన సంఘం తన మిగులును సభ్యులకు పంచరాదు.

నమోదు విధానం

సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, మొదటి కార్యవర్గ సభ్యుల వివరాలు తెలిపే ఉద్దేశపత్రం ఒకటి, సభ్యత్వం, సమావేశాలు, ఎన్నికలు, నిధుల వినియోగం గురించిన నియమావళి ఒకటి తయారు చేయాలి. రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖకు చెందిన జిల్లా రిజిస్ట్రారు సొసైటీల రిజిస్ట్రారుగా వ్యవహరిస్తారు. ఈ జిల్లాలో ఆ కార్యాలయం శ్రీకాకుళంలో ఉన్నది. నమోదైన సంఘం చట్టం దృష్టిలో ఒక ప్రత్యేక వ్యక్తి. అది తన పేరుతోనే ఆస్తి కలిగి ఉండవచ్చును, దావా వేయవచ్చును. కనుక గ్రంథాలయానికి ఎవరైనా ఇచ్చిన స్థలాన్ని అధ్యక్షుని పేరుతో కాక సంఘం పేరుతోనే రిజిస్టరు చేయించుకొనడం ఉత్తమం. లేనియెడల ఆయన తరువాత వారసులతో తగవు తప్పకపోవచ్చు.

ఏటేటా పాటించవలసినవి

* సంవత్సరానికి ఒకసారి సర్వసభ్య సమావేశం జరిపి తీర్మానాలను మినిట్సు పుస్తకంలో వ్రాయాలి.
* జమాఖర్చుల లెక్కలు వ్రాసి ఆడిట్ చేయించాలి.
* సమావేశం జరిగిన 15 రోజులలోగా కార్యవర్గ సభ్యుల జాబితాను, వార్షిక నివేదికను, లెక్కలను రిజిస్ట్రారుకు సమర్పించాలి (సెక్షను 9).
* పేరు, ఆశయాలు, నియమావళి మార్చినపుడు ఆ మార్పులను నమోదు చేయించాలి.

వీటిలో తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యేది కార్యవర్గ జాబితా. ఐదారేళ్లు జాబితా దాఖలు చేయని సంఘంలో రెండు వర్గాలు ఏర్పడి, ఇరువురూ తామే అసలు కార్యవర్గమని చెప్పినపుడు బ్యాంకు లావాదేవీలు నిలిచిపోయే ప్రమాదం ఉన్నది. ఎవరు సరిగా ఎన్నికైనారో తేల్చే అధికారం రిజిస్ట్రారుకు లేదు. సెక్షను 23 ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వ చట్టం (1996) ద్వారా గాని, జిల్లా కోర్టులో దరఖాస్తు ద్వారా గాని పరిష్కారం పొందాలి. సంఘం రద్దయితే, అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తి సభ్యులకు చెందదు.

ఆదాయపు పన్ను

ఆదాయపు పన్ను చట్టం, 1961 లోని 12ఎ, 12ఎఎ సెక్షన్ల క్రింద పూర్వం ఒకసారి నమోదైతే అది రద్దయ్యే వరకు చెల్లేది. 2021 ఏప్రిల్ 1 నుండి 12ఎబి సెక్షను ఆ స్థానంలో వచ్చింది. పాత సంస్థలన్నీ తిరిగి దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. నమోదు గడువు 5 సంవత్సరాలైంది. 2025 ఆర్థిక చట్టం చిన్న సంస్థలకు, అనగా దరఖాస్తుకు ముందు రెండు సంవత్సరాలలోను 5 కోట్ల రూపాయలకు మించని ఆదాయం గలవాటికి, ఈ గడువును 10 సంవత్సరాలకు పెంచింది. 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలుకు 2026 ఏప్రిల్ 1వ తేదీని నిర్ణయించారు. కొత్త చట్టం ఈ నిబంధనలను "నమోదిత లాభాపేక్షలేని సంస్థ" అన్న పేరుతో ఒకచోట చేర్చింది.

మినహాయింపునకు ముఖ్యమైన షరతు ఆదాయంలో 85 శాతాన్ని ఆ సంవత్సరంలోనే ఆశయాల కొరకు ఖర్చు చేయడం. ఉదాహరణకు ఒక సంఘానికి ఏడాదికి 6,00,000 రూపాయల ఆదాయం వస్తే 5,10,000 రూపాయలు ఖర్చు చేయాలి. మిగిలిన 90,000 రూపాయలు నిలువ చేసుకోవచ్చును. భవన నిర్మాణం వంటి పెద్ద పనికి అంతకంటే ఎక్కువ కూడబెట్టదలిస్తే, ముందుగా నిర్ణీత ఫారంలో కారణం తెలిపి 5 సంవత్సరాలలోగా ఖర్చు చేయాలి.

దాతకు పన్ను రాయితీ లభించాలంటే సంఘానికి 80జి అనుమతి వేరుగా ఉండాలి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళంపై రాయితీ రాదు. విరాళాల వివరాలను ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత మే 31 లోగా శాఖకు తెలిపి, దాతలకు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది.

నమోదు గడువు మరచిపోవడం వలన కలిగే నష్టం ఒక సంవత్సరపు పన్నుతో పోదు. 2023 ఏప్రిల్ 1 నుండి సకాలంలో తిరిగి దరఖాస్తు చేయని సంస్థ ఆస్తుల మార్కెట్ విలువలో అప్పులు పోగా మిగిలిన మొత్తంపై గరిష్ఠ రేటున పన్ను విధించే అవకాశం ఏర్పడింది (సెక్షను 115టిడి). స్వంత భవనం ఉన్నా బ్యాంకులో నిలువ లేని గ్రామ సంఘానికి ఇది భవనాన్నే పోగొట్టుకొనే ప్రమాదం. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని 2024 అక్టోబరు 1 నుండి కమీషనర్లకు ఇచ్చారు.

సుప్రీం కోర్టు తీర్పు

న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు నుండి సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2022 అక్టోబరు 19న వెలువడిన తీర్పు ప్రకారం, విద్యాసంస్థగా మినహాయింపు కోరే సంఘానికి విద్య ఏకైక ఆశయమై ఉండాలి. ప్రధాన ఆశయమైతే చాలదు. రాష్ట్రంలోని 1987 నాటి ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయ చట్టం వంటి స్థానిక చట్టాల క్రింద అవసరమైన నమోదు కూడా ఉండాలని కోర్టు చెప్పింది. ఈ తీర్పును ఆపై కాలానికి మాత్రమే వర్తింపజేసింది. ఆశయాల పట్టికలో అన్ని మంచి పనులను చేర్చి వ్రాసే అలవాటు ఎంత నష్టం కలిగించగలదో ఈ తీర్పు వలన తెలుస్తుంది.

విదేశీ విరాళాలు - ఉద్దానం

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన ఉద్దానం నుండి అనేకులు బ్రతుకుతెరువు కోసం ఇతర రాష్ట్రాలకు, గల్ఫు దేశాలకు వలస వెళ్ళారు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. ఇటువంటి విపత్తు వేళ దూరాన ఉన్నవారు స్వగ్రామ సంఘానికి డబ్బు పంపదలచడం సహజం. ఇక్కడ చూడవలసినది దాత నివసించే దేశం కాదు, అతని పౌరసత్వం. భారతీయ పాస్‌పోర్టు గల వ్యక్తి గల్ఫు నుండి తన స్వార్జితాన్ని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పంపితే, వారు ఈ ఊరిలోనే పుట్టినా, అది విదేశీ విరాళమే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం అట్టి సొమ్ము స్వీకరించుటకు కేంద్ర హోం శాఖ వద్ద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. నమోదు కోరే సంఘం 3 సంవత్సరాలు పనిచేసి, ఆ కాలంలో ఆశయాలపై 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తరువాత సొమ్మంతా మొదట భారతీయ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుండి 20 శాతానికి తగ్గింది. ఒక సంఘం తాను పొందిన విదేశీ సొమ్మును మరొక సంఘానికి బదిలీ చేయడం నిషిద్ధమైంది. దీనితో పెద్ద సంస్థల ద్వారా తుఫాను సహాయం పొందే మార్గం చిన్న గ్రామ సంఘాలకు మూసుకుపోయింది.

ఇవి కూడా చూడండి

* టెక్కలి
* ఉద్దానం
* తిత్లీ తుఫాను
* సహకార సంఘం