షెడ్డుల్లో రెండోసారి పుట్టిన కార్లు

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏళ్లు దాటిన కార్లకూ మోటారు సైకిళ్లకూ ‘వింటేజ్’ హోదా కల్పించింది. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు. పదేళ్ల గడువు తీరాక మళ్లీ చేయించుకుంటే 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అనే ప్రత్యేక గుర్తు ఉంటుంది. ఇలాంటి బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనలకో, ర్యాలీలకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఏళ్ల తరబడి కోరుకున్న గుర్తింపు ఇది. స్వాగతించాల్సిందే. కాకపోతే అందులో ఒక షరతు ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్ - వీటిలో దేనికీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం వారి 1912 నాటి పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ లాంటి బండికి ఈ షరతు సరిపోతుంది. ఆ కారు ఊరేగింపుల కోసం పుట్టింది, తిరిగింది తక్కువ. మన దేశంలో తయారై, మన గతుకుల రోడ్ల మీదే ముసలిదైన అంబాసిడర్‌కూ, ఫియట్‌కూ, స్టాండర్డ్ హెరాల్డ్‌కూ అదే కొలబద్ద పెడితే మాత్రం చరిత్రకే అన్యాయం జరుగుతుంది. ఆ కార్లు బతికి బట్టకట్టింది ఫ్యాక్టరీ పుణ్యాన కాదు, షెడ్డు పుణ్యాన. వాటి మీద జరిగిన పనే వాటి చరిత్ర.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే 1953కు వెళ్లాలి. విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలు ఇకమీదట చెల్లవనీ, దేశంలోనే తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్లే ఉండాలనీ ఆ ఏడాది టారిఫ్ కమిషన్ సిఫారసు చేసింది. మరుసటి ఏడాదికల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లే సర్దుకున్నాయి. కార్ల రంగంలో ప్రధానంగా మూడు కంపెనీలు మిగిలాయి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ 1957లో మనకు అంబాసిడర్ అయింది. ఇటలీ ఫియట్ 1100 కాలక్రమంలో పేరు మార్చుకుని 1974కు ప్రీమియర్ పద్మిని అయింది. 1961లో మద్రాసు నుంచి హెరాల్డ్ వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కే దాకా మధ్యతరగతి కుటుంబం కారు కొనాలంటే ఈ మూడు గుమ్మాలే గతి. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంత కష్టపడితే వచ్చిన కారును పదేళ్లకు అమ్మేసి మరొకటి కొందామనే ఆలోచనే రాదు. ఇంజన్ పాడైతే ఇంజన్ బాగుచేయించాలి, అడుగు తుప్పు పడితే కొత్త రేకు వేయించాలి. తండ్రి కారు కొడుకు చేతికొచ్చేసరికి అందులో ఫ్యాక్టరీ నాటి సామాను ఎంత మిగిలిందో ఇంటివాళ్లకే తెలిసేది కాదు.

ఆ కార్ల మీద పని చేసినవాళ్లు ఈనాటికీ వాటిని అంత మురిపెంగా తలుచుకోవడం వెనక కారణం వయసు మీదపడటం ఒక్కటే కాదని నా నమ్మకం. అవి పనివాడి ముందు దాచుకున్నదేమీ లేని యంత్రాలు. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కు ట్యాపెట్లు సెట్ చేయడాన్నే చూడండి. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. రాకర్ కవర్ విప్పి పక్కన పెడతారు. ఒకరు బంపర్ కన్నంలోంచి స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటారు. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు ఒకటో దాన్ని సరిచేయాలి. ఏడోది దిగితే రెండోది, ఆరోది దిగితే మూడోది. దిగిన నంబరూ, సరిచేసే నంబరూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. ఫీలర్ గేజ్ రేకు ఆ సందులో మరీ వదులుగా ఆడకూడదు, బిగుసుకుపోకూడదు, పట్టీపట్టనట్టు జారాలి. ఆ జారుడు ఎంతో పుస్తకంలో రాసి చెప్పలేరు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరిగి సందు మారిపోతుందని ముందే తెలిసిన చెయ్యి ఆ మేరకు తగ్గించి పట్టుకుంటుంది. స్టార్ట్ చేశాక టకటక శబ్దం తగ్గి ఇంజన్ నున్నగా తిరిగితే, చేసిన పని సరైనదేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ పెట్టి లోపం కోడ్ చదివే ఈనాటి మరమ్మతులో కచ్చితత్వం ఎక్కువే, కాదనను. కానీ లోపం ఎక్కడుందో వెతికి పట్టుకున్న తృప్తి అక్కడ స్కానర్‌కు పోతుంది.

ఇదే ఇంజన్ తన గతాన్ని తన ఒంటి మీదే రాసుకుంటుంది. నూనె తాగి పొగ వదులుతోందంటే ‘ఇంజన్ బోరుకొచ్చింది’ అంటారు. సిలిండర్ గోడలు అరిగి గుండ్రదనం కోల్పోయాయని దానర్థం. బ్లాకును లేత్ షాపుకు పంపి సిలిండర్లను మరికాస్త వెడల్పుగా బోరు కొట్టించి, అంతకు తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. మొదట పది థౌ (అంగుళంలో వెయ్యో వంతును షెడ్డులో థౌ అంటారు), తర్వాత ఇరవై, ముప్పై, నలభై. ఆ అంకె పిస్టన్ తల మీదే ముద్రించి ఉంటుంది. ఇక కొట్టడానికి గోడ మిగలనప్పుడు స్లీవ్ దించి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెస్తారు. పాత అంబాసిడర్ హెడ్డు ఎత్తి చూసినవాడికి పిస్టన్ మీద ‘040’ కనిపిస్తే, ఆ బండి ఎంత దూరం తిరిగిందో, ఎంత శ్రద్ధగా దాన్ని చూసుకున్నారో సగం కథ అక్కడే దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లేత్ మిషన్లూ, సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలూ లేకపోతే ఆ కథ పది థౌ దగ్గరే ఆగిపోయేది. చరిత్రకారుడు శాసనం మీద చెక్కిన గీతను ఎలా చదువుతాడో, ఈ ముద్రనూ అంతే గౌరవంగా చదవాలంటాను.

బాడీ సంగతీ అంతే. హెరాల్డ్‌ను గీసినవాడు జొవాని మికెలొట్టి అనే ఇటలీ డిజైనరు. దాని బాడీ ముక్కలు ముక్కలుగా విడి చాసిస్ మీద బోల్టులతో బిగించి ఉంటుంది. బానెట్, రెండు వైపుల ముందు మడ్‌గార్డులూ కలిసి ఒకే దిమ్మగా ముందుకు వాలతాయి. అప్పుడు పనివాడు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. మద్రాసు కంపెనీ దీనికి నాలుగు తలుపుల రూపం కూడా ఇచ్చింది. బ్రిటన్‌లో అలాంటిది అమ్మలేదు. అంటే మార్పు అనేది షెడ్డు వాళ్ల చిలిపితనంగా మొదలవలేదు. ఇక్కడి అవసరాన్ని బట్టి కారును మలచడం కంపెనీలే ఆరంభించాయి. అంబాసిడర్ కూడా మొదట 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్‌తో వచ్చి, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌కు మారింది. 1990ల ఆరంభంలో ఇసుజు ఇంజన్ తెచ్చుకుంది. తొలినాటి అంబాసిడర్ యజమాని సైడ్ వాల్వ్ ఇంజన్ సామాను దొరక్క, అదే కంపెనీ తర్వాత అమ్మిన ఇంజన్ వేయించుకున్నాడనుకుందాం. నిబంధనను అక్షరాలా చదివితే ఆ బండి అసలు రూపం కోల్పోయినట్టే. కంపెనీ చేస్తే అభివృద్ధి, షెడ్డు చేస్తే అపచారం అనే తేడాకు చరిత్రలో ఆధారం లేదు.

షెడ్డులు ఇంకా ముందుకు వెళ్లాయి. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్‌లో మటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ దించడం దక్షిణాదిలో తెలియని పని కాదు. ఇంజన్ మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయాలి, గేర్ బాక్సు కుదర్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి సరిచేయాలి, బరువు పెరిగిన ముందు భాగానికి తగ్గట్టు టార్షన్ బార్ బిగువు చూడాలి. ఏ కాగితం మీదా గీయని ఇంజనీరింగ్ ఇది. క్యూబాలోనూ ఇదే జరిగింది. అమెరికా ఆంక్షల తర్వాత హవానాలో చిక్కుకుపోయిన 1950ల నాటి షెవర్లేలూ బ్యూయిక్‌లూ రష్యా ఇంజన్లతో, డీజిల్ ఇంజన్లతో నెట్టుకొచ్చాయి. లోకమంతా వాటిని చూడటానికి అక్కడికి వెళ్తోంది. మన బండ్లను మనం అదే కంటితో చూసుకోవడం లేదు.

తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1982లో తెలుగుదేశం పార్టీ స్థాపించాక ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్య రథం ఒక పాత షెవర్లే వ్యాను. నంబరు ఏబీఆర్ 7776. పైకెక్కి నిలబడి మాట్లాడటానికి వీలుగా, లోపలే విశ్రాంతి తీసుకునే ఏర్పాటుతో దాన్ని తిరగ్గట్టారు. కుమారుడు హరికృష్ణ నడిపారు. 1983 జనవరి ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఆ బండిని ఫ్యాక్టరీ గేటు దాటిననాటి రూపానికి తీసుకొస్తామంటే, రాజకీయంగా ఏ పక్షం వాళ్లయినా వద్దనే అంటారు. పైన అమర్చిన వేదిక పీకేస్తే మిగిలేది ఒక మామూలు వ్యాను. మార్పు వల్లే ఒక వాహనం చరిత్రకెక్కగలదని ఇక్కడ అందరం ఒప్పుకుంటాం. పేరున్న బండికి ఒప్పుకున్న సూత్రం పేరులేని టాక్సీకి ఎందుకు వర్తించకూడదు? పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య రూపొందించిన ట్యూరిన్ చార్టర్ కూడా, బండిని కొత్తదానిలా మెరిపించడం కన్నా వాడకంలో పడిన జాడలను నిలుపుకోవడానికే మొగ్గు చూపుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనదే. ఆ మరమ్మతులన్నీ గత్యంతరం లేక చేసినవి, పోటీ లేని మార్కెట్ జనం నెత్తిన రుద్దిన భారం, దాన్ని ఇప్పుడు కళగా కీర్తించడమేమిటని అడుగుతారు. లైసెన్సుల కాలం కొనుగోలుదారును అవస్థ పెట్టిందన్నది నిజం. కొత్త కారులోనే లోపాలు సరిచేయించుకోవాల్సి రావడం గొప్ప కాదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. అయితే కొరత పెట్టిన విధానానికీ, ఆ కొరతలో బండిని నిలబెట్టిన చేతికీ ఒకే మార్కులు వేయకూడదు. కరువులో గంజి కాచి ఊరిని బతికించిన మనిషిని మెచ్చుకుంటే కరువును మెచ్చుకున్నట్టా?

రెండో అభ్యంతరం మోసం గురించి. మార్పులను ఒప్పుకుంటే ఎవడో నాలుగు బండ్ల ముక్కలు అతికించి, చాసిస్ నంబరు మార్చి, పాతదని అమ్ముతాడు కదా అంటారు. నిజమైన భయమే. కానీ షరతు కఠినంగా ఉంటే మోసం తగ్గదు, దాచడం పెరుగుతుంది. అసలు రూపానికే విలువ కట్టే చోట, నలభై ఏళ్ల కిందటి వెల్డింగ్ అతుకును లప్పం కింద కప్పేసి, వాటర్ పేపర్ పట్టి, పెయింట్ కొట్టి కొత్త రేకులా చూపించడమే లాభసాటి అవుతుంది. మార్పును మార్పుగా చెప్పుకునే వీలుంటే ఆ అతుకు బయటే ఉంటుంది. మూడోది పొగ, భద్రత. దీనిమీద నాకు పేచీ లేదు. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఆపమన్నప్పుడు దాని ముందున్నది ఊపిరాడని నగరం. ముంబయి నలుపు పసుపు పద్మిని టాక్సీలకు 2023 అక్టోబరుతో నిండిన ఇరవై ఏళ్ల గడువు కూడా సబబైనదే. ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులున్న, సీటు బెల్టుల్లేని కారు హైవే మీద రోజూ తిరగాలని ఎవరూ అడగకూడదు. వింటేజ్ బండి తిరగడానికి నిబంధనలు పెట్టిన హద్దులు అలాగే ఉండనివ్వండి. నేనడిగేది తిరిగే హక్కు గురించి కాదు, చరిత్రగా లెక్కలోకి వచ్చే హక్కు గురించి.

ఈ ప్రశ్న ఇప్పుడే తేలాలి. యాభై ఏళ్ల లెక్క ప్రకారం ఇన్నాళ్లూ ఈ హోదా ఎక్కువగా రాజావారి కార్లకూ, దొరల కార్లకూ వర్తించింది. తొలి పద్మినిలకు 2024తో యాభై నిండాయి. 1975లో వచ్చిన అంబాసిడర్ మార్క్ త్రీకి 2025తో నిండాయి. అంటే జనం వాడిన, షెడ్డులు బతికించిన బండ్ల వంతు వచ్చేసింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఆ పేరును 2017లో ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరుకు వెల కట్టారు. ట్యాపెట్ సందును వేలితో కొలిచిన మిస్త్రీల పనికి మాత్రం ఎక్కడా నమోదు లేదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వింటేజ్ దరఖాస్తుతో పాటు ఒక పని పుస్తకం జతచేయాలని నిబంధనల్లో చేరిస్తే చాలు. ఇంజన్ ఎన్నిసార్లు బోరు కొట్టారు, ఏ భాగం ఎప్పుడు మారింది, ఏ ఊళ్లో ఏ షెడ్డులో మార్చారు, ఎవరు చేశారు - ఈ వివరాలు రాసి, పాత భాగాల ఫొటోలు అంటించి, యజమాని సంతకం పెట్టాలి. ఇంజన్ మారిన బండిని తోసిపుచ్చకుండా, మారినట్టు రాసి చేర్చుకోవాలి. రాయించుకోవాల్సింది ఆ మిస్త్రీలు ఉండగానే.