ఎంజీబీఎస్ మెట్రో కూడలి: ఒక స్టేషన్ దూరంలో 1857 రణస్థలి

హైదరాబాద్: నగర మెట్రో వ్యవస్థలో రెండు మార్గాలు కలిసే కూడళ్లు మూడు. అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్‌తో పాటు మూసీ నది ఒడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మూడవది. జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి బస్సుల్లో వచ్చే ప్రయాణికులు ఇక్కడే మెట్రో ఎక్కుతారు. ఇక్కడి నుంచి ఏ మార్గంలో ఉత్తరానికి బయలుదేరినా తదుపరి స్టేషన్ కోఠి ప్రాంతంలోనే ఉంటుంది. 1857లో బ్రిటిష్ అధికారంపై హైదరాబాద్‌లో ఆయుధం ఎత్తిన స్థలం అదే.

రెండు మార్గాల సంగమం

మియాపూర్ – ఎల్బీనగర్ మార్గంలో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు గల భాగం 2018 సెప్టెంబర్ 24న ప్రారంభమైంది. దీనితో ఎంజీబీఎస్‌కు మెట్రో వచ్చింది. జూబ్లీ బస్ స్టేషన్ – ఎంజీబీఎస్ మధ్య 11 కిలోమీటర్ల మార్గం 2020 ఫిబ్రవరి 7న అందుబాటులోకి రావడంతో ఇది కూడలిగా మారింది. మొదటి మార్గంలో ఉస్మానియా మెడికల్ కళాశాల, రెండవ మార్గంలో సుల్తాన్ బజార్ దీనికి పక్క స్టేషన్లు. రెండవ మార్గాన్ని తొలి ప్రణాళికలో పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు నిర్దేశించినా, అది ఎంజీబీఎస్ వద్దనే ఆగింది.

రెసిడెన్సీపై దాడి

ఈ రెండు స్టేషన్లకు సమీపంలోనే నాటి బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. నిజాం ఆస్థానంలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ నివాసమిది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా ఉన్న కాలంలో దీని నిర్మాణం మొదలైంది.

1853లో సైనిక వ్యయం బకాయిల కింద బేరార్ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించవలసి రావడం సంస్థానంలో అసంతృప్తిని పెంచింది. 1857 మే నెలలో మీరట్, ఢిల్లీలలో తిరుగుబాటు చెలరేగిన రోజుల్లోనే నిజాం నాసిరుద్దౌలా మరణించగా, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. అప్పుడు దివాన్ మొదటి సాలార్‌జంగ్. కంపెనీ సేవను వీడి నగరానికి చేరిన జమేదార్ చీదా ఖాన్‌ను, ఆయన సహచరులను బంధించి రెసిడెన్సీకి అప్పగించారు. వారిని విడిపించాలన్న డిమాండ్ నగరంలో బలపడింది.

1857 జూలై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో వందలాది రోహిల్లాలు, నగరవాసులు రెసిడెన్సీపైకి కదిలారు. ఎదురుగా పుత్లీబౌలి వైపు ఉన్న రెండు ఇళ్లను స్థావరాలుగా చేసుకుని కాల్పులు సాగించారు. సాలార్‌జంగ్ నుంచి ముందే సమాచారం అందిన రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులను సిద్ధం చేయించారు. రాత్రంతా సాగిన పోరు తెల్లవారేసరికి ముగిసింది.

పరిణామాలు

పట్టుబడిన తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతర శిక్ష విధించారు. 1859 జనవరిలో ఆయన నిర్బంధం నుంచి తప్పించుకున్నారు. తలపై వెల ప్రకటించిన కొద్ది రోజుల్లోనే తూప్రాన్ వద్ద ఆయనను చంపి, మృతదేహాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. రెసిడెన్సీ చుట్టూ రక్షణ గోడలను, బురుజులను పటిష్ఠం చేశారు. బ్రిటిష్ పక్షాన నిలిచినందుకు 1860 ఒప్పందంలో నిజాంకు రాయచూరు, ధారాశివ్ జిల్లాలు తిరిగి దక్కాయి. పాత రుణం రద్దయింది.

ఒకే ఘటన ఒకరికి భూభాగాన్ని, మరొకరికి ఉరికొయ్యను ఇచ్చింది. 1857లో దక్షిణాది ప్రశాంతంగా ఉందన్న సాధారణ అభిప్రాయానికి ఆ రాత్రి జవాబుగా నిలుస్తుంది.

నేటి స్థితి

స్వాతంత్ర్యానంతరం రెసిడెన్సీ భవనం కోఠి మహిళా కళాశాలకు నెలవైంది. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. శిథిలావస్థకు చేరిన ఈ కట్టడాన్ని ప్రపంచ స్మారకాల నిధి 2002లో ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అనంతరం పునరుద్ధరణ పనులు జరిగాయి. కోఠి బస్ స్టేషన్ వద్ద 1857 వీరుల స్మారకం ఉంది. సమీపంలోని ఒక రహదారికి తుర్రేబాజ్ ఖాన్ పేరు పెట్టారు. నిత్యం బస్సు కోసం, మెట్రో కోసం వేలాది మంది నడిచే దారి అది.