మోటారు చోదకులకు వ్రాతపరీక్ష

మోటారుబండి నడుపుట చేతినేర్పా, బుద్ధినేర్పా అను ప్రశ్న ఆ బండితోపాటే పుట్టినది. చక్రము త్రిప్పుట, గేరు మార్చుట, బ్రేకు వేయుట చేతికిని కాలికిని సంబంధించిన పనులు. మలుపున ఎవరికి దారి విడువవలెను, తడిసిన రోడ్డుపై ముందుబండికి ఎంత వెనుక నుండవలెను, దారిప్రక్కన కనబడు గుర్తునకు అర్థమేమి అనునవి తెలివికి సంబంధించిన విషయములు. మొదటిదానిని పరీక్షించుట సులభము. ప్రక్కన కూర్చుండి చూచిన చాలును. రెండవదానిని పరీక్షించు మార్గమును వెదకుటలో బ్రిటను దేశము సుమారు నూఱేండ్లు గడపినది. ఆ చరిత్ర తెలిసికొన్నచో వ్రాతపరీక్షవలన కలుగు మేలెంత, దానికి గల హద్దేది అను సంగతి మనకు స్పష్టపడును.

ఈ విషయమున ఫ్రాన్సు ముందుగా మేల్కొన్నది. 1893 ఆగస్టు 14వ తేదీన పారిస్ పోలీసు శాఖ, సామర్థ్యపత్రము లేనివాడు నగరమున మోటారు నడుపరాదని కట్టడి చేసెను. 1899లో ఆ కట్టడి దేశమంతటికిని వ్యాపించెను. బ్రిటనునందు పరిస్థితి వేఱు. 1896 ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణమున బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ కారు తగిలి మరణించెను. ఆ దేశమున పెట్రోలు కారువలన ప్రాణము కోల్పోయిన తొలి పాదచారి ఆమెయే. ఐనను 1903 నాటి చట్టము, పదునేడేండ్లు నిండి అయిదు షిల్లింగులు చెల్లించిన వారికెల్ల లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించెను. 1904 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. అభ్యర్థికి బండి నడుపుట వచ్చునా రాదా అని అడిగినవారు లేరు. లైసెన్సు మనిషిని గుర్తించుటకే గాని నేర్పును కొలుచుటకు కాదు.

1930 నాటి చట్టము కార్లకు గల వేగపరిమితిని తొలగించెను. అందుకు బదులా అన్నట్లు 1931 ఏప్రిల్ 14వ తేదీన ‘హైవే కోడ్’ అను రహదారి నిబంధనావళి ఒక పెన్నీ వెలకు వెలువడెను. చేతితో చేయవలసిన సంజ్ఞలేగాక, గుఱ్ఱపుబండ్లు తోలువారు కొరడాతో చేయవలసిన సంజ్ఞలును అందు కలవు. పుస్తకము మంచిదే. కాని దానిని చదివితీరవలెనని ఎవరిని బలవంతపెట్టుటకును వీలు లేకపోయెను.

ఫలితము ఘోరమయ్యెను. 1934లో ఆ దేశపు రోడ్లపై 7,343 మంది మరణించిరి. రెండు లక్షల ముప్పదివేలకు పైగా గాయపడిరి. వీరిలో ఇంచుమించు సగము మంది పాదచారులు. అప్పటి రవాణామంత్రి లెస్లీ హోర్-బెలీషా కాలమున, 1935 జూన్ 1వ తేదీనుండి చోదకపరీక్ష నిర్బంధము చేయబడెను. 1934 ఏప్రిల్ 1 తరువాత నడుపుట మొదలిడిన వారికే అది వర్తించెను. అంతకుముందు లైసెన్సు పొందినవారిని ఎవరును ఏమియు అడుగలేదు. పరీక్షాకేంద్రములు లేనందున అభ్యర్థులు ఉద్యానవనముల యొద్దనో రైలుస్టేషనుల యొద్దనో పరీక్షకుని కలిసికొనెడివారు. అరగంట పరీక్షలో నూటికి 63 మంది ఉత్తీర్ణులైరి. నిబంధనావళినుండి కొన్ని ప్రశ్నలను పరీక్షకుడు నోటితో అడిగెడివాడు. తెలివిని కొలుచుటకు మొట్టమొదటి ప్రయత్నమిది. కాని ఆ కొద్ది ప్రశ్నలు గ్రంథమునంతను పట్టిచూపజాలవు. ఏవి అడుగవలెనను నిర్ణయము పరీక్షకునిదే. సమాధానమును ఉదారముగ చూచువా డొకడు, కఠినముగ చూచువాడు మఱియొకడు.

ఈ పద్ధతియే అఱువదేండ్లు సాగెను. 1991లో ఐరోపా సమాజము, సభ్యదేశములన్నింట చోదకులకు జ్ఞానపరీక్ష విధిగా ఉండవలెనని ఆదేశించెను. దానిని అనుసరించి బ్రిటను 1996 జూలై 1వ తేదీన ప్రత్యేకమైన వ్రాతపరీక్షను నెలకొల్పెను. ప్రశ్నలు 35, ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తింపవలెను. మొదట 26 సరియైనచో ఉత్తీర్ణత. ఆ యేడు అక్టోబరులోనే దానిని 30కి పెంచిరి. 2000 జనవరిలో కాగితమునకు మాఱుగ కంప్యూటరు తెర వచ్చెను. 2007లో ప్రశ్నలు 50కి, ఉత్తీర్ణత 43కు పెరిగెను.

దీనివలన కలిగిన మేలు చిన్నది కాదు. అందఱికిని ఒకే కొలత ఏర్పడెను. పరీక్షకుని దయాదాక్షిణ్యములకు చోటు లేకపోయెను. అన్నింటికంటె ముఖ్యముగ, రోడ్డెక్కదలచిన ప్రతి మనిషియు జీవితమున ఒక్కసారియైనను నిబంధనావళిని తెఱచి చదువవలసి వచ్చెను.

లోపములును వెంటనే బయటపడెను. ప్రశ్నలు, జవాబులు అచ్చుపుస్తకములుగ దొరకుచుండుటచే, అర్థము నెఱుగకయే కంఠస్థము చేయువారు బయలుదేరిరి. 2012 జనవరినుండి అసలు ప్రశ్నలను ప్రచురించుట మానివేసిరి. ఇంగ్లీషు రానివారికొఱకు పలు విదేశభాషలలో ప్రశ్నలను చదివి వినిపించెడివారు. కొందఱు దుభాషులు జవాబులనుకూడ అందించిరని తెలిసి, ఆ సౌకర్యమును 2014 ఏప్రిల్‌లో తొలగించిరి. ఇందు ఒక చిక్కు కలదు. మోసము ఆగుట మంచిదే. కాని చదువు తక్కువైనంతమాత్రమున, ఇంగ్లీషు రానంతమాత్రమున మనిషి చెడ్డ చోదకుడు కాడు. అక్షరమును పరీక్షించుచున్నామా, వివేకమును పరీక్షించుచున్నామా అను సందేహము వ్రాతపరీక్షను ఎన్నడును విడువదు.

అంతకంటె లోతైన లోపము మఱియొకటి. ‘ఏమి చేయవలెను’ అని ఈ పరీక్ష అడుగును. ‘నీవేమి చేయుదువు’ అని అడుగజాలదు. వేగమునకు హద్దెంతయో కుఱ్ఱవానికి తెలియును. రాత్రి మిత్రులు ప్రక్కన నున్నప్పుడు ఆ తెలివి పనిచేయునా అన్నది వేఱు మాట. ఒడ్డున కూర్చుండి ఈతనుగూర్చి ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పినను నీటిలోని ధైర్యమును అవి కొలువజాలవు.

ఈ లోటు తీర్చుటకే 2002 నవంబరులో అపాయములను గుర్తించు పరీక్షను చేర్చిరి. అభ్యర్థికి రోడ్డును చూపు 14 చలనచిత్రఖండములను ప్రదర్శింతురు. అపాయము రూపుగట్టుచుండగా ఎంత త్వరగా గుర్తించిన అన్ని ఎక్కువ మార్కులు. ఆగియున్న బండి చాటునుండి బాలుడు అడుగుపెట్టుట ఇట్టి అపాయము. ఇందు బాగుగ రాణించినవారికి కొన్ని రకముల ప్రమాదములు తక్కువగ జరిగినట్లు 2008లో వెలువడిన ప్రభుత్వ పరిశోధనలో తేలెను. ఐనను ఇదియు నిర్దోషము కాదు. మార్కులిచ్చు గడువు తెఱువబడక ముందే అపాయమును పసిగట్టి మీట నొక్కిన నేర్పరికి ఆ నొక్కుడువలన మార్కు రాదు.

మనదేశమునందు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు ఈ ప్రశ్నలను మొదటి మెట్టుననే ఉంచినవి. ఎల్.ఎల్.ఆర్. అని మనవారు పిలుచు అభ్యాస లైసెన్సునకే రహదారి గుర్తులు మున్నగువానిపై పరీక్ష కలదు. బ్రిటనులో అభ్యాస లైసెన్సు పరీక్ష లేకయే లభించును. రోడ్డెక్కక మున్నే గుర్తులు తెలిసియుండవలెననుట మన పద్ధతిలోని గుణము. కాని నూటికి అఱువది సరియైన జవాబులు మనకు చాలును. అక్కడ ఎనుబదియాఱు కావలెను. మనవాడు తప్పిన నలుబదిలో ‘ఆగుము’ అను గుర్తే ఉన్నచో, ఆ తప్పునకు మూల్యము చెల్లించువాడు రోడ్డు దాటువాడు.

వ్రాతపరీక్షకు లేని ఘనతను అంటగట్టుటయు తగదు. బ్రిటనులో 1934లో 7,343గా నున్న మరణములు, బండ్లు అనేక రెట్లు పెరిగినను, 1996 నాటికి 3,598కి దిగెను. ఆ తగ్గుదల అంతయు వ్రాతపరీక్ష పుట్టుటకు పూర్వపుదే. 1967లో త్రాగినవారి శ్వాసను పరీక్షించు చట్టము, 1983లో సీటుబెల్టు నిర్బంధము, మేలైన రోడ్లు, మేలైన వైద్యము అందుకు తోడ్పడినవి. కావున వ్రాతపరీక్షను ప్రాణరక్షణ మంత్రముగ భావింపరాదు, వ్యర్థమని త్రోసివేయనురాదు. ‘నాకు తెలియదు’ అను సాకును అది చోదకుని నోటినుండి తీసివేయును. తెలిసినదానిని పాటించుటకు మాత్రము ప్రతిదినమును పరీక్షయే. ఆ పరీక్షలో ప్రక్కన కూర్చుండు పరీక్షకుడు లేడు.