రంగం పోయాడన్నారు... నేటాల్ ఓడ జాబితాలో ఉన్నదెవరు?

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు ఉన్నాడు. 1898లో మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ వెళ్ళాడు. నేటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. ఆయన మునిమనవరాలు, రిటైరైన టీచరమ్మ, సబ్‌టైటిల్స్ పెట్టుకుని మన ఎపిసోడ్లు చూస్తారట. నాకు మెయిల్ పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "మా ఇంటిపేరు ఏమిటి?"

ఆమెకి సర్‌నేమ్ లేదని కాదు. ఉంది. కాకపోతే అది ఆ ముత్తాత పేరు. ఓడ దిగినప్పుడు ఆయన పేరు రాశారు, తండ్రి పేరు రాశారు. ఇంటిపేరు రాయడానికి గడే లేదు. తర్వాత పిల్లలు పుట్టినప్పుడు, పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసినప్పుడు సర్‌నేమ్ అడిగితే తండ్రి పేరే చెప్పారు. అలా ఒక మనిషి పేరు వంశం పేరైపోయింది. వాళ్ళ నాన్నగారికి తొంభై దాటాయి. ఆయన తెలుసుకోవాలనుకుంటున్నారు. అంతే.

నా దాకా ఎందుకొచ్చిందంటే, ఆ జాబితాలో రాసిన ఊరి పేరు మా ఊరి పేరులా ఉంది. పైగా మా ఇంట్లో కూడా ఒక మనిషి తక్కువ.

మా నాయనమ్మ మాట ఇది: "మా మాంగారి చిన్నాన్న రంగం ఎలిపోయాడట్రా, మరి రాలేదు." రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళల్లో ఇలాంటి రంగం కథ ఒకటి ఉంటుంది. రంగం పోయినవాడి కోసం రికార్డుల్లో వెతకడం చాలా కష్టం. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాకినాడ నుంచో, భీమిలి నుంచో, కళింగపట్నం నుంచో స్టీమర్ ఎక్కితే అది విదేశీ ప్రయాణం కాదు, టికెట్ కొనుక్కుని ఇంకో రాష్ట్రానికి వెళ్ళడం లాంటిది. పాస్ లేదు, ఒంటి గుర్తులు రాసుకున్న రిజిస్టర్ లేదు. కోతలయ్యాక వెళ్ళి మిల్లుల్లోనో రేవులోనో పని చేసి, మళ్ళీ వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలాది మంది భారతీయులు పారిపోయారు, చాలామంది అడవుల్లో నడిచి వచ్చారు. వీటన్నిటి గురించీ చదవొచ్చు. ఒక ఊరి నుంచి వెళ్ళిన ఒక మనిషి పేరు మాత్రం దొరకదు.

నేటాల్ సంగతి వేరు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఐదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళారు. అగ్రిమెంట్ అనే మాటే వాళ్ళ నోట్లో గిర్మిట్ అయింది. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911లో ఈ పద్ధతి ఆపేసేలోపు మొత్తం 1,52,000 మందికి పైగా వెళ్ళారు, అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చారు. కలోనియల్ నంబర్ అంటారు. నేను డేటాబేస్‌ల మీద పని చేసినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే తట్టింది: ఇది ప్రైమరీ కీ! ఎస్టేటుకి ఆ నంబరే, పెళ్ళికి ఆ నంబరే, చావుకీ ఆ నంబరే. మనిషిని నంబర్ చేయడం ఎంత దారుణమో, నూట పాతికేళ్ళ తర్వాత ఆ నంబరే మనిషిని పట్టిస్తోంది. ఈ రెండూ నిజమే.

ఓడ జాబితాలో గడులు ఇలా ఉంటాయి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. అసలు రిజిస్టర్లు దక్షిణాఫ్రికా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డర్బన్ టీచరమ్మ నాకు పంపింది అందులోని ఒక వరస. గుర్తుల గడిలో ఎడమ మోకాలి కింద మచ్చ అని ఉంది. గొడ్లు కాసేటప్పుడు పడ్డాడో, కొడవలి తగిలిందో!

ఇక మా ఇంటి వైపు కాగితాలకొద్దాం. ఉన్నది ఒకే ఒక్కటి, 1912 నాటి భాగపత్రం. ముగ్గురన్నదమ్ములు, వాటాలు పంచుకున్నది మాత్రం ఇద్దరు. మూడోవాడి గురించి ఒక్క వాక్యం ఉంది: సుమారు పద్నాలుగు సంవత్సరముల క్రిందట దేశాంతరము వెళ్ళినవాడు, తిరిగి వచ్చినయెడల అతని వాటా అతనికి ఒప్పజెప్పవలెను అని. 1912లోంచి పద్నాలుగు తీసేస్తే 1898. ఇక్కడ నేను కుర్చీలోంచి లేచానండీ. కానీ ఆ 'సుమారు' అనే మాటని మర్చిపోకూడదు. మన పెద్దవాళ్ళ 'సుమారు'లో పదేళ్ళు ఇమిడిపోతాయి.

పేరు కలిసిందా? అసలు పేరు చెప్పను, అప్పన్న అనుకుందాం. సింహాచలం చుట్టుపక్కల అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసయ్య, సింహాద్రి, ఇలాంటి పేర్లు వీధికి పది. పైగా పేరు చెప్పేది తెలుగువాడు, రాసుకునే గుమాస్తా తమిళుడైతే ఒక రకంగా వింటాడు, రాసేది ఇంగ్లీషులో. నాయుడు అక్కడికి వెళ్ళాక చివర రెండు 'ఓ'లు తగిలించుకున్నది అలాగే. అందుకని పేరుకి పేరు సరిపోవాలని చూడకుండా, ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక పేరు ఇంకో పేరవుతుందో లెక్కేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. విశాఖపట్నం జిల్లా అని పెట్టి నడిపితే స్క్రీన్ నిండా అప్పన్నలే. అంటే పేరు కలవడం ఇక్కడ సాక్ష్యం కిందకి రాదు. అందులో ఉన్న బలం దాదాపు సున్నా.

తండ్రి పేరు కొంచెం మెరుగు. 1912 పత్రంలో ఆ ముగ్గురి తండ్రి పేరు దగ్గర కాగితం చెదలు తినేసింది. కానీ మన దగ్గర పెద్ద మనవడికి తాత పేరు పెడతారు కదా. ముగ్గురిలో పెద్దాయన, అంటే మా ముత్తాత తండ్రి, తన పెద్ద కొడుక్కి పెట్టిన పేరే ఓడ జాబితాలో తండ్రి పేరు గడిలో ఉంది. అటు డర్బన్‌లో ఈయన కూడా పెద్ద కొడుక్కి ఆ పేరే పెట్టాడు. సముద్రానికి ఇటూ అటూ ఇద్దరు అన్నదమ్ములు ఒకే తండ్రిని తలుచుకుంటున్నట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు, అవ్వడం వేరు. ఆ పేరు కూడా ఆ ప్రాంతంలో అరుదైనదేం కాదు.

ఊరి పేరుతో వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. చివర 'వలస' అని ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వలసలు ఎన్నో. ఎవరో ఎక్కడి నుంచో వచ్చి కట్టుకున్న ఊళ్ళు కాబట్టి ఆ పేర్లు వచ్చాయంటారు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని తెలుగులో మూడు రకాలుగా చదవొచ్చు, మూడు ఊళ్ళూ ఉన్నాయి. తాలూకా గడి చూస్తే ఒకటి ఎగిరిపోయింది, రెండు మిగిలాయి. ఇలా వెతికేవాళ్ళకి ఒక మాట చెప్తాను. పాత జిల్లా పేరుని ఇప్పటి మ్యాప్ మీద పెట్టకండి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం మన్యం, ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం సంస్థానం అన్నీ ఉన్నాయి. శ్రీకాకుళం పట్టణం మాత్రం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దులు మారాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో మళ్ళీ కొత్తవి. "మా తాతది గంజాం" అని డర్బన్‌లో ఎవరైనా అంటే ఒరియావాళ్ళేమో అనుకోకండి.

ఇక కులం గడి. మా ఇంట్లో చెప్పుకునేదీ, జాబితాలో ఉన్నదీ ఒకటి కాదు. ఏది ఏమిటో చెప్పను, చెప్తే చర్చ అటే పోతుంది. మా పెదనాన్న మాత్రం అక్కడితో ఆగిపోయారు: "మనోడు కాదు, ఒదిలీ." నా లెక్క వేరు. చెప్పినవాడు ఏం చెప్పాడో, విన్నవాడు ఏం విన్నాడో, రాసేవాడికి ఏ మాట తెలుసో దాన్ని బట్టి ఆ గడి నిండింది. కొత్త దేశం వెళ్తూ కులం మార్చి చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి తేడా ఉంది కాబట్టి కాదు అనలేం. అలాగని ఆ తేడాని చాప కింద తోసేసి మనవాడే అని కూడా అనకూడదు. అది వ్యతిరేక సాక్ష్యమే, నా మెయిల్‌లో అలాగే రాశాను.

పెదనాన్న భయం కులం ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. భాగపత్రంలో "ఒప్పజెప్పవలెను" అని ఉంది కదా. వచ్చి వాటా అడుగుతారేమోనని! ఏడేళ్ళు జాడ తెలియని మనిషి చనిపోయినట్టు భావించవచ్చని 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లోనే ఉండేది, నూట పాతికేళ్ళయింది, వాళ్ళకి కావాల్సింది భూమి కాదు అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేరు.

వెళ్ళినవాడు మరి ఎందుకు రాలేదు? కాగితాల్లో కారణం రాసి ఉండదు, లెక్క మాత్రం ఉంది. నేటాల్‌లో మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, ఏడాదికి ఒకటి చొప్పున పెరిగి ఐదో ఏడాది పద్నాలుగు. 1895 చట్టం ప్రకారం, ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఒప్పందం అయిపోయాక ఇంకోసారి ఒప్పందం చేసుకోవాలి, లేదా ఇండియా వెళ్ళిపోవాలి, అక్కడే స్వేచ్ఛగా ఉంటానంటే ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. పద్నాలుగు షిల్లింగుల మనిషికి నాలుగు నెలల జీతం పైమాటే. పెళ్ళాం పిల్లలు ఉంటే వాళ్ళకి కూడా వేశారు. 1913 సమ్మెలో గనుల్లో, చెరకు తోటల్లో వేల మంది పని ఆపింది ప్రధానంగా దీని మీదే, 1914లో రద్దయింది. మన అప్పన్న 1903లో ఒప్పందం పూర్తి చేసి, మళ్ళీ అదే ఎస్టేటులో సంతకం పెట్టినట్టు వాళ్ళ దగ్గర కాగితం ఉంది. సంతకం అంటే వేలిముద్ర.

మరి ఇంటిపేరు చెప్పానా? చెప్పలేదు. చెప్పడం తేలిక, ఆ మెయిల్ చూస్తే ఆ పెద్దాయన ఎంత సంతోషపడతారో నాకు తెలుసు. కానీ ఒకసారి నేను చెప్పానంటే అది వాళ్ళ మనవల పెళ్ళి కార్డుల మీద ఎక్కుతుంది. పక్క తాలూకా ఊళ్ళో ఇంకో ఇంటివాళ్ళు తమ అప్పన్న కోసం ఎదురు చూస్తుంటే? డబ్బులు తీసుకుని వంశవృక్షం గీసిచ్చే వెబ్‌సైట్ల మీద నాకున్న కోపం ఇదే, ఖాళీ ఉన్న చోటల్లా ఎవరో ఒకర్ని కూర్చోబెడతారు.

ఇప్పుడు మిగిలిన దారి డీఎన్‌ఏ. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. నేను ఆ పెద్దన్నగారి కొడుకు వరసలో నేరుగా ఉన్నాను, టీచరమ్మ తమ్ముడు ఆ అప్పన్నగారి కొడుకు వరసలో ఉన్నారు. ఇద్దరం నమూనాలు ఇచ్చాం. కలవకపోతే ఈ ఫైల్ నా వైపు నుంచి మూసేసి, రెండో ఊరికి బండెక్కుతా. కలిస్తే ఒకే మగ వరస అని తెలుస్తుంది, ఆ పైన 1912 కాగితం తోడవుతుంది. నాయనమ్మకి ఇదంతా చెప్తే "ఉమ్మూసి ఇస్తే సుట్టరికం తేల్తాదేటి?" అంది.

ఈలోగా వీడియో కాల్‌లో ఆ పెద్దాయనకి భాగపత్రం చదివి వినిపించాను, మీవాడో కాదో ఇంకా తెలీదని ముందే చెప్పి. ఆయనకి తెలుగు కొంచెం అర్థమవుతుంది, కూతురు మిగతాది ఇంగ్లీషులో చెప్పారు. ఒప్పజెప్పవలెను అన్న వాక్యం మళ్ళీ చదవమన్నారు. తర్వాత ఆ నేల ఎంత అని అడిగారు. మూడో వాటా ఎకరం పైచిలుకు మెట్ట అన్నాను. ఏం పండేదన్నారు. అప్పట్లో చోడులు, గంటెలు. ఇప్పుడు జీడితోట అని చెప్పాను.