వెనక్కి తిరిగిన మీటర్: ఇంటి సోలార్ వెనక ఉన్న లెక్కల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఇంటి మీద పెట్టుకునే సోలార్ గురించి మాట్లాడుకుందాం. ఏ ప్యానెల్ కొనాలి, ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి అని చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి. నేను చెప్పబోయేది చరిత్ర. ఎందుకంటే మీ కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందనేది ఎండ ఒక్కటే తేల్చదు, మీటర్ లెక్క తేలుస్తుంది. ఆ లెక్క కోసం నలభై ఏళ్లకు పైగా గొడవ నడుస్తోంది.

మా పక్కింటి మాస్టారు రిటైరయ్యాక డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టించారు. మొదటి బిల్లు రాగానే అది పట్టుకుని మా ఇంటికొచ్చారు. "ఎండ దేవుడిది, డాబా నాది, డబ్బులు నావి. మరి నా కరెంటుకి రేటు కట్టేది వాళ్లేంటండీ?" అన్నారు. మంచి ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

వెలుతురు నుంచి కరెంటు పుడుతుందని 1839లోనే ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెక్వెరల్ కనిపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 19. ఆ తర్వాత 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చని బంగారు పూత వేసి సెల్ చేశాడు. మీద పడిన వెలుతురులో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మారలేదు. పనికొచ్చే సిలికాన్ సెల్ 1954లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చింది. డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అనే ముగ్గురు చేశారు. అది నూటికి ఆరు వంతులు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత చాపిన్ ఒక లెక్క వేశాడు. ఒక వాట్ సెల్‌కి 286 డాలర్లు. మామూలు ఇంటికి సరిపడా పెట్టాలంటే 14 లక్షల 30 వేల డాలర్లు! ఇల్లు, వీధి అన్నీ అమ్మినా వచ్చే డబ్బు కాదది. అందుకే సోలార్ ముందు డాబా ఎక్కలేదు, ఆకాశం ఎక్కింది. 1958లో వాన్‌గార్డ్ 1 ఉపగ్రహం మీద పెట్టారు.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. కొద్ది నెలల్లోనే ధర నాలుగు రెట్లయింది. అప్పుడు అమెరికాకి మెలకువ వచ్చి 1978లో ఒక చట్టం చేసింది. ఎవరైనా చిన్న ఎత్తున కరెంటు తయారుచేస్తే కంపెనీ కొనాల్సిందే అన్నారు. ఏ రేటుకి? కంపెనీ తానే ఆ కరెంటు తయారుచేసుకుంటే, లేదా వేరే చోట కొంటే ఎంత ఖర్చయ్యేదో అంత. అంటే ఇంట్లోవాళ్లు కొనే రేటు కన్నా చాలా తక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1979లో, మసాచుసెట్స్‌లో స్టీవెన్ స్ట్రాంగ్ అనే ఆర్కిటెక్ట్ ఒక అపార్ట్‌మెంట్ మీద సోలార్ పెట్టి కరెంటు లైనుకి కలిపాడు. పాతకాలం మీటర్లు మనందరికీ గుర్తే కదా, అద్దం వెనక అల్యూమినియం చక్రం తిరుగుతూ ఉంటుంది. కరెంటు లోపలికి వస్తే ముందుకి తిరుగుతుంది, బయటికి పోతే వెనక్కి తిరుగుతుంది. దాన్ని ఎవరూ అలా కావాలని చేయలేదు, ఆ యంత్రం స్వభావమే అంత. మధ్యాహ్నం పూట చక్రం వెనక్కి తిరిగిందంటే అర్థం ఏమిటి? ఒక యూనిట్ ఇచ్చి ఒక యూనిట్ తీసుకున్నట్టు. పక్కింటికి గ్లాసు బియ్యం బదులిచ్చి, మళ్లీ గ్లాసు బియ్యమే తెచ్చుకున్నట్టు అన్నమాట. 1983లో మిన్నెసోటా రాష్ట్రం ఈ పద్ధతిని చట్టం చేసింది. మనం ఇప్పుడు నెట్ మీటరింగ్ అంటున్నది ఇదే.

లెక్క కుదిరింది గానీ ప్యానెల్ ఇంకా ఖరీదే. దాన్ని దింపిన కథ జర్మనీది. 2000లో అక్కడ చేసిన చట్టం ప్రకారం డాబా సోలార్ ఇచ్చే ప్రతి యూనిట్‌కీ 99 ఫెనిగ్‌లు, అదీ ఇరవై ఏళ్లపాటు గ్యారంటీ. ఇంటికొచ్చే కరెంటు ధరకి అది మూడు రెట్లకు పైనే. అప్పుతెచ్చి మరీ పెట్టించుకున్నారు జనం. ఆ డబ్బు ఎక్కడిది? సోలార్ లేనివాళ్ల బిల్లుల్లో కూడా కొంత కలిపి వసూలు చేశారు. ఆ గిరాకీని చూసుకుని చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి. తయారీ రెట్టింపైన ప్రతిసారీ ప్యానెల్ ధర సుమారు 20 శాతం చొప్పున పడుతూ వచ్చింది. ఇవాళ మన డాబా మీద ప్యానెల్ అందుబాటు ధరకి వస్తోందంటే, అందులో ఎప్పుడో జర్మనీలో ఒక అద్దె ఇంటివాడు కట్టిన బిల్లు కూడా ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2015లో కేంద్రం 2022 కల్లా లక్ష మెగావాట్ల సోలార్ అంది, అందులో డాబాల మీద 40 వేలు. పెద్ద పెద్ద పార్కులు వేగంగా వచ్చాయి. మన కర్నూలులోనే వెయ్యి మెగావాట్లది వచ్చింది. డాబాలు మాత్రం బాగా వెనకబడ్డాయి. 2020 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనల్లో నెట్ మీటరింగ్‌ని పది కిలోవాట్లకే పరిమితం చేశారు. గొడవయ్యాక 2021లో దాన్ని 500 కిలోవాట్లకి పెంచారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. కోటి ఇళ్లు లక్ష్యం. ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ.

ఇప్పుడు ఆదా లెక్క చూద్దాం. నీడ పడని వంద చదరపు అడుగులుంటే సుమారు ఒక కిలోవాట్ పడుతుంది. అది రోజుకి నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, వానాకాలంలో తక్కువ. మూడు కిలోవాట్లంటే నెలకి 300 పైమాటే. కానీ మన బిల్లు స్లాబులుగా ఉంటుంది కదా. సోలార్ వచ్చినప్పుడు ముందు కరిగేది పై స్లాబు, అంటే ఖరీదైన యూనిట్లు. అందుకే నెలకి 400 యూనిట్లు కాల్చే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. వంద యూనిట్ల ఇంటికి చాలా ఆలస్యమవుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లే రాని ఇంటికి ఆదా అయ్యేది ఏముంది? ఇంకో మాట. బ్యాటరీ లేకపోతే, కరెంటు పోయినప్పుడు మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు.

మరి మాస్టారి బాధ ఏంటి? ఆయన ఇచ్చిన యూనిట్లు, తీసుకున్నవి కొట్టేసుకున్నాక కొన్ని మిగిలాయి. వాటికి వచ్చే రేటు ఆయన కొనే పై స్లాబు రేటు కన్నా బాగా తక్కువ. అందుకే అవసరానికి మించి పెద్దది పెట్టించడం లాభం కాదు.

కంపెనీ వాదన కూడా వినాలి. మధ్యాహ్నం అందరి డాబాలూ ఒకేసారి కరెంటు ఇస్తాయి. సాయంత్రం ఏడింటికి అందరూ ఒకేసారి అడుగుతారు. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. సోలార్ ఇళ్లు బిల్లు కట్టకపోతే ఆ భారం డాబా లేనివాళ్ల మీద పడుతుంది. ఈ వాదనతోనే కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి కొత్తగా పెట్టించుకునేవాళ్లకి రేటు మార్చారు. లైనులోకి పంపే యూనిట్‌కి వచ్చేది సగటున 75 శాతం దాకా తగ్గింది. అక్కడున్న మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు సోలార్‌తో పాటు బ్యాటరీ మాట కూడా వస్తున్నది ఇందుకే. కొత్త రేటు ఎలా కట్టారో తెలుసా? కంపెనీకి ఎంత ఖర్చు తప్పిందో అంత. 1978 నాటి మాటే మళ్లీ తిరిగొచ్చింది!

కాబట్టి మాస్టారికి నేను చెప్పింది ఇది. ఎండ దేవుడిదే, డాబా మీదే, కానీ తీగ అందరిదీ. ఆ తీగకి ఎవరెంత ఇవ్వాలన్నదే అసలు గొడవ. అది అధికారులు, కంపెనీలు మాత్రమే కూర్చుని తేల్చుకుంటే అటు మీకూ నష్టమే, ఇటు అద్దె ఇంట్లో ఉండేవాడికీ నష్టమే. మన దగ్గర టారిఫ్ మార్చే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడికి వెళ్లి ఎవరైనా మాట్లాడొచ్చు. మనలో ఎంతమంది వెళ్లాం?

మాస్టారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి పెట్టినప్పుడు చెప్పండి, ఇద్దరం వెళ్దాం" అన్నారు. మీరూ రండి.