ధ్వనిముద్రణలో వినెడి చెవి

హైదరాబాదున రామంతాపూరులోని దూరదర్శన్ కేంద్రము వంటి చోట సంగీతకచేరిని ముద్రించునపుడు, ఇంజనీరు వేరొక గదిలో కూర్చుండును. అతడు వినునది గాయకుని కాదు. తన యెదుటనున్న స్పీకరును. దీనికే మోనిటరు స్పీకరని పేరు. ఆ స్పీకరు సత్యము పలికినగాని కచేరి యథాతథముగా నిలువదు.

మొదట నిట్టి సాధనమే లేదు. 1902లో గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలను ముద్రించినపుడు, కొమ్ములోనికి పాడిన ధ్వనియే సూదిని కదిపి మైనపు పలకపై గీత గీచెను. మైనమును వాయించి చూచినచో గీత చెడును. కనుక పరీక్షకొరకు వేరొక పలకను వ్యర్థము చేయవలసి వచ్చెడిది. సెకనుకు సుమారు 250 నుండి 2,500 కంపనముల వరకే ఆ కొమ్ము పట్టగలిగెడిది.

1925లో మైక్రోఫోనుతో విద్యున్ముద్రణ వచ్చెను. ముద్రించుచునే వినుట సాధ్యమయ్యెను. దానితో క్రొత్త చిక్కును పుట్టెను. స్పీకరు మంద్రధ్వనులను హెచ్చించి వినిపించినదనుకొందము. ఇంజనీరు అవి మిక్కుటమైనవని తలచి తగ్గించును. ఇంటివద్ద వినువారికి మృదంగపు ఎడమ మూత నాదము పలుచబడి తోచును. అనగా స్పీకరులోని దోషము తలక్రిందులై రికార్డులో స్థిరపడును. తప్పుడు రాళ్లతో తూచిన సరకువలె, లోపము కొన్నవానికి గాని తెలియదు.

చెవియు నిందులో పాలుపంచుకొనును. ధ్వని తగ్గినకొలది మంద్రస్వరములు మరింత తక్కువగా వినబడునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనువారు చూపిరి. కావున ఎంత బిగ్గరగా వినవలెనో కూడ నిర్ణయించుకొనవలెను. తంబురాకు వేరొక పరీక్ష కలదు. గుర్రముపై తీగక్రింద నుంచు నూలుపోగువలన పుట్టు ఉపస్వరసంపదను సి.వి.రామన్ 1921లో వివరించెను. పైస్వరములను మింగు స్పీకరుకడ కూర్చున్నవాడు ఆ జీవము రికార్డులో నిలిచినదో లేదో యెరుగజాలడు.

బి.బి.సి. ఇంజనీర్లు స్టూడియోలో సంగీతమును స్వయముగా విని, వెంటనే ప్రక్క గదిలో స్పీకరును విని, రెంటిని పోల్చి చూచెడివారు. బయటి ప్రసారముల బండ్లలోని ఇరుకు చోటుకొరకు 1970 దశకమున వారు రూపొందించిన చిన్న స్పీకరు ప్రసిద్ధికెక్కెను.

హైదరాబాదులో దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరెను. దూరదర్శన్ 1977లో వచ్చెను. అట్టి కేంద్రములలో నాడు పాడిన పెద్దలు పలువురు నేడు లేరు, మిగిలినవి టేపులే. వాటిని కంప్యూటరులోనికి ఎక్కించునపుడు చెవికి ఇంపుగా నుండవలెనని స్వరమును మార్చినచో, గదిలోని స్పీకరు దోషమే గాయకుని కంఠమై నిలుచును. ముందు టేపులో నున్నది నున్నట్లు ఒక ప్రతిని భద్రపరుపవలెను. దిద్దుబాటు ఆ తరువాతిది. శిథిలమైన టేపు రెండవ అవకాశ మీయదు.