నిబంధనలు తెరిచిన తీరం

కరీబియన్ సముద్రంలో, వెనెజులాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, 288 చదరపు కిలోమీటర్ల బొనైర్ దీవి ఉంది. స్కూబా డైవింగ్ నేర్చుకుని, బోటు ఎక్కకుండా ఒడ్డు నుంచే నడుచుకుంటూ సముద్రంలోకి దిగాలనుకునేవాళ్లకి ముందుగా వినిపించే పేర్లలో ఇదొకటి. అక్కడి పద్ధతి చాలా సులువు. పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుంటారు, వెనకాల గాలి సిలిండర్లు వేసుకుంటారు, తీరం వెంబడి రోడ్డు మీద వెళ్తూ పసుపు రంగు పూసిన రాయి కనిపించిన చోట ఆగుతారు. ఆ చోటు పేరు రాయి మీదే రాసి ఉంటుంది. బోటు బయల్దేరే వేళ చూసుకోనక్కర్లేదు, గైడు వెంట ఉండనక్కర్లేదు, పొద్దున ఆరింటికి దిగినా రాత్రి ఎనిమిదింటికి దిగినా అడిగేవారు లేరు. ఇంత స్వేచ్ఛ ఆ దీవికి పుట్టుకతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పని నా వాదన. నిషేధాలు, రుసుములు, వాటికోసం జరిగిన పోరాటాలు కొన్ని దశాబ్దాలపాటు పేరుకుని ఈ స్వేచ్ఛను తయారుచేశాయి. మొదటి ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకునేవాళ్లకి చిరాకు పుట్టించే ప్రతి నిబంధన వెనకా ఈ చరిత్ర ఉంది. అది తెలియకుండా వెళ్తే బొనైర్‌లో సగమే చూసినట్టు.

ఈ మాట అనగానే ముందుగా భూగోళం పేరు చెప్పి అభ్యంతరం పెడతారు. దీవికున్న అనుకూలతలు నిజమే. వ్యాపార పవనాలు తూర్పు నుంచి వీస్తాయి కాబట్టి పడమటి తీరం ఏడాదిలో ఎక్కువ కాలం గాలి చాటున ఉంటుంది, అలలు మెత్తగా ఉంటాయి. పగడపు దిబ్బ ఒడ్డును ఆనుకునే మొదలవుతుంది. చాలాచోట్ల కొద్ది నిమిషాలు ఈదితే చాలు, సుమారు పది మీటర్ల లోతున దిబ్బ అంచు వచ్చి అక్కణ్నుంచి కిందికి వాలిపోతుంది. ఏడాదికి కురిసే వాన దాదాపు 500 మిల్లీమీటర్లే, నది ఒక్కటీ లేదు. వరద రోజుల్లో గోదావరి కలిసేచోట సముద్రం ఎంత దూరం ఎర్రబడుతుందో తెలిసినవాళ్లకి, నది లేని దీవి చుట్టూ నీళ్లు ఎంత తేటగా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. ఒండ్రు కప్పేసిన చోట పగడం బతకదు. పెద్ద తుఫాన్లు సాధారణంగా నడిచే దారి కూడా ఈ దీవికి ఉత్తరంగానే ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ ఈ గాలి, ఈ దిబ్బ, ఈ తేటదనం 1650లోనూ ఉన్నాయి, 1950లోనూ ఉన్నాయి. అప్పుడు ఆ ఒడ్డున డైవర్లు లేరు. 1960ల్లో డైవర్లు వచ్చాక ఇదే భూగోళం వాళ్ల ఈటె తుపాకులకీ, పగడం పెకలించి అమ్ముకునేవాళ్లకీ కూడా అంతే అనుకూలంగా ఉంది. దిబ్బ ఒడ్డుకి ఎంత దగ్గరగా ఉంటే దాన్ని దోచుకోవడం కూడా అంత తేలిక. కాబట్టి ఇవాళ్టి బొనైర్‌కి కారణం వెతకాలంటే ముందు ఒడ్డు మీద ఏం జరిగిందో చూడాలి.

డచ్చివాళ్లు 1636లో ఈ దీవిని పట్టుకున్నది ఉప్పు కోసం. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తుండగా, చేపలు ఊరవేసే వాళ్ల పరిశ్రమకు ఉప్పు కోసం వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. దీవి దక్షిణపు కొస సముద్రమట్టానికి సమానంగా ఉన్న బయలు. ఎండకీ గాలికీ కొదవ లేదు. డచ్ వెస్టిండియా కంపెనీ, ఆ తర్వాత ప్రభుత్వమే నేరుగా, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతోనూ వాళ్ల పిల్లలతోనూ ఈ ఉప్పు మడుల్లో పని చేయించాయి. ఓడలకి ఆనవాలుగా 1838లో తీరం మీద రంగురంగుల ఎత్తైన స్తంభాలు కట్టారు. 1850లో మడుల పక్కనే బానిసలకి రాతి గుడిసెలు కట్టారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. మనిషి లోపల నిటారుగా నిలబడలేడు, వాకిలి నడుమెత్తు కూడా లేదు, నేల మీద పాకినట్టు దూరాలి. కుటుంబాలేమో ఉత్తరాన రింకోన్ ఊళ్లో ఉండేవి. వారం చివర ఇల్లు చేరాలంటే గంటల తరబడి నడక. 1863లో డచ్ వలసల్లో బానిసత్వం రద్దయ్యే దాకా ఇదే నడిచింది. ఇవాళ డైవర్లు సరిగ్గా ఆ గుడిసెల దగ్గరే ట్రక్కులు ఆపి రబ్బరు సూట్లు తొడుక్కుంటారు. అక్కడి డైవింగ్ చోట్లని రెడ్ స్లేవ్, వైట్ స్లేవ్ అంటారు. ఆ పేర్లు పలికేటప్పుడు అవి ఎవరి గురించో ఒక్క నిమిషం ఆలోచించడం ధర్మం.

ఆ ఉప్పుకీ ఈ డైవింగ్‌కీ పేర్ల దగ్గర ఆగిపోని సంబంధం కూడా ఉంది. 1960ల్లో ఉప్పు పరిశ్రమ యంత్రాలతో మళ్లీ మొదలైంది. ఇప్పుడు దాన్ని కార్గిల్ సంస్థ నడుపుతోంది. దాంతో దక్షిణ తీరం వెనకనున్న నేల చాలావరకు మడులకిందికే పోయింది. వేరేచోట అయితే ఇలాంటి ఒడ్డు మీద హోటళ్లు వరసగా లేచి, ఒక్కొక్కటి తన గోడ కట్టుకుని, సముద్రంలోకి వెళ్లాలంటే వాళ్ల గేటు దాటవలసి వచ్చేది. ఉత్తరాన కథ వేరు, ఫలితం మాత్రం ఒకటే. మేకలు, బొగ్గు, కలబంద ఎగుమతి చేసిన పాత ఎస్టేటు ఒకటి 1969లో వాషింగ్టన్ జాతీయ పార్కు అయింది. పక్కనున్న స్లాగ్‌బాయ్ ఎస్టేటు తర్వాత అందులో కలిసింది. ఇలా రెండు కొసలా తీరం కట్టడాలు లేకుండా, రోడ్డుకి దగ్గరగా మిగిలింది. ఒడ్డు డైవింగ్‌కి మొదట కావలసింది అడ్డు లేని ఒడ్డు. బొనైర్‌లో ఆ ఒడ్డును కాపాడినవాటిలో బీడు పడ్డ ఎస్టేట్లు, ఉప్పు మడులు ఉన్నాయి.

నీటి అడుగుకి వెళ్లిన తొలి పేరున్న యాత్రికుడు ఆస్ట్రియాకు చెందిన హన్స్ హాస్. 1939లో ఇద్దరు మిత్రులతో కురసావ్‌కి, బొనైర్‌కి వచ్చి, ఒడ్డు నుంచే ఈదుతూ ఈటెతో చేపల్ని వేటాడాడు, తాను తయారుచేసుకున్న పెట్టెలో కెమెరా పెట్టి ఫొటోలు తీశాడు. వేట, చూపు రెండూ ఆనాడు విడదీయలేనివి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డచ్చివాళ్లు జర్మన్లను నిర్బంధించిన శిబిరాన్నే యుద్ధం తర్వాత క్రాలెండైక్ పట్నంలో హోటలుగా మార్చారు. పర్యాటకం అక్కణ్నుంచే మెల్లగా మొదలైంది. 1962 మేలో డాన్ స్టీవర్ట్ అనే అమెరికన్ వాలెరీ క్వీన్ అనే తెరచాప పడవలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డైవింగ్‌ని వ్యాపారంగా నిలబెట్టింది ఆయనే. 1976లో హాబిటాట్ అనే డైవింగ్ విడిదిని మొదలుపెట్టాడు, 2014లో చనిపోయేదాకా కెప్టెన్ డాన్ అనే పేరుతోనే బతికాడు. తానూ ఈటె పట్టినవాడే అయినా, పెద్ద చేపలు కళ్లముందే తగ్గిపోతుంటే ఈటె తుపాకులను మానిపించాలని పట్టుబట్టాడు. బోట్లు పగడం మీద లంగరు వేయకుండా అడుగున స్థిరంగా కట్లు వేయించాడు. లంగరు గొలుసు ఒక్క రోజు ఈడిస్తే చాలు, కొమ్ముల పగడం ఎన్నో ఏళ్ల ఎదుగుదల ముక్కలైపోతుంది.

ఈ కథంతా ఒక్క మనిషి గొప్పతనంగా చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆయన కృషి మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ కథనం సరిపోదు. తాబేళ్ల గుడ్లు, గూళ్లకి చట్టం కాపు పెట్టింది 1961లో, అంటే స్టీవర్ట్ రాకముందే. ఈటె తుపాకీ వేటను నిషేధించింది 1971లో దీవి ప్రభుత్వం. బతికిందైనా చచ్చిందైనా పగడాన్ని తీయకూడదన్న నిషేధం 1975లో వచ్చింది. 1979లో, ప్రపంచ వన్యప్రాణి నిధి డచ్ శాఖ సాయంతో, బొనైర్ మెరైన్ పార్కు ఏర్పడింది. ఈ పార్కు హద్దులో అసలు విషయమంతా ఉంది. సముద్రపు పోటు చేరే గీత నుంచి 60 మీటర్ల లోతు వరకు, దీవి చుట్టూ, ఎదురుగా ఉన్న క్లైన్ బొనైర్ చిన్న దీవి చుట్టూ కూడా, అంతా పార్కే. ఒక మూలకి కంచె వేసి మిగతాది వదిలేయలేదు. అందుకే దాదాపు ఎక్కడైనా దిగనిచ్చారు, దిగిన ప్రతిచోటా ఒకే నియమం వర్తించింది. అయితే చట్టం చేసినంతలో పని అయిపోలేదు. తొలి నిధులు అయిపోగానే 1980ల మధ్యలో పార్కు కాగితాల మీదే మిగిలింది. కెప్టెన్ డాన్ దీవిలోనే ఉన్నాడు, చట్టమూ ఉంది, కాపలా కాసే జీతగాళ్లే లేరు. 1991లో డచ్ ప్రభుత్వం మళ్లీ డబ్బు ఇచ్చినప్పుడు పార్కు తన ఖర్చు తాను సంపాదించుకోవాలన్న మాట గట్టిపడింది. 1992 నుంచి ఒక్కో డైవర్ దగ్గర ఏడాదికి 10 డాలర్లు తీసుకోవడం మొదలైంది. ఒకప్పుడు దానికి గుర్తుగా ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్లను జాకెట్టుకి కట్టుకునేవాళ్లు. ఇప్పుడు రుసుము 40 డాలర్లు, ఆన్‌లైన్‌లో కడతారు. దీవిలో అడుగుపెట్టే విదేశీయుల పన్ను వేరు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ డబ్బును దండుగనుకోవడం విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఆ పది డాలర్లతోనే పార్కుకి మళ్లీ ఊపిరొచ్చింది.

దీని మీద బలమైన ఆక్షేపణ ఒకటుంది: డాలర్లున్న విదేశీయుడు చేపలు చూసి ఆనందించడానికి, దీవివాడి కూరలో చేపను తీసేశారు కదా అని. దీన్ని తోసిపుచ్చలేం. ఈటె నిషేధం స్థానికులకీ వర్తించింది. 2010లో చిలకముక్కు చేపల్ని పట్టడం కూడా ఆపేశారు. కానీ గాలం తాడుతో పట్టే పాత పద్ధతిని పార్కు ఆపలేదు, చిన్న పడవల మత్స్యకారులు ఇప్పటికీ ఆ నీళ్లలోనే పట్టుకుంటున్నారు. చిలకముక్కు చేపల నిషేధానికి కారణం డైవర్ల సరదా కాదు. ఆ చేపలు నాచు మేస్తాయి. 1983-84లో కరీబియన్ అంతటా నల్లటి పొడుగు ముళ్ల సీ అర్చిన్లు రోగమొచ్చి దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, పగడాన్ని నాచు కమ్మేయకుండా మేసే ప్రధాన ప్రాణిగా ఇదే మిగిలింది. అది పోతే దిబ్బ పోతుంది, దిబ్బ పోతే గాలానికి తగిలే చేపా ఉండదు. అయినా నష్టం ఎవరిది, లాభం ఎవరిది అన్న లెక్క ఈ వివరణతో తీరిపోదని నా అభిప్రాయం. హోటళ్ల ఆదాయంలో దీవివాళ్ల వాటా ఎంతన్నది అక్కడ ఇంకా అడగవలసిన ప్రశ్నే.

మరో సందేహం: ఇంతమంది ఇష్టమొచ్చినట్టు దిగితే దిబ్బ తొక్కుళ్లకే నాశనమవదా? 1993లో జాన్ డిక్సన్, లూయిస్ స్కూరా, పార్కు తొలి మేనేజరు టామ్ వాన్ట్ హాఫ్ కలిసి ప్రచురించిన అధ్యయనం ఇదే అడిగింది. ఒక్కోచోట ఏడాదికి 4,000 నుంచి 6,000 డైవ్‌లు మించితే పగడం దెబ్బతింటుందని వాళ్లు అంచనా కట్టారు. ఈ లెక్క చూశాక పసుపు రాళ్ల విలువ తెలుస్తుంది. ఒడ్డు నుంచి చేరగల చోట్లు యాభైకి పైగా ఉండటంతో గుంపు చెదిరిపోతుంది. దీవికి రాగానే పార్కు నియమాలు విని, డైవింగ్ దుకాణం ముందే ఒక పరీక్ష డైవ్ చేయాలన్న నిబంధన కూడా ఇందుకే. నీళ్లలో ఒంటిని సమంగా నిలుపుకోలేనివాడు కాళ్లకి తొడుక్కున్న ఫిన్స్‌తో పగడాన్ని విరగ్గొడతాడు. చేతికి గ్లవ్స్ ఉంటే దేన్నైనా పట్టుకోవాలనిపిస్తుంది కాబట్టి వాటినీ ఒప్పుకోరు.

ఒడ్డు మీద అసలు కష్టం ఎక్కడుందో కూడా తెలిసి వెళ్లాలి. చాలాచోట్ల ఇసుక ఉండదు. పాత పగడం గట్టిపడి ఏర్పడిన పదునైన రాయి, దాని మీద జారే నాచు. గట్టి అడుగున్న బూట్లు లేకపోతే పాదాలు కోసుకుంటాయి. అల వెనక్కి తగ్గేదాకా ఆగి, నడుము లోతుకి నడిచి, అక్కడే తోడున్నవాళ్ల భుజం పట్టుకుని ఫిన్స్ తొడుక్కుని, వెంటనే ఈదేయాలి. తటపటాయిస్తే తర్వాతి అల రాతి మీదికి తోస్తుంది. మొదట ప్రవాహానికి ఎదురు వెళ్లి, సిలిండరు సగం కాకముందే తిరగాలి. 1984 సెప్టెంబర్ 12న మునిగిన హిల్మా హుకర్ ఓడను మొదటి రోజుల్లోనే చూడాలని అందరికీ ఉంటుంది. గంజాయితో పట్టుబడిన 72 మీటర్ల ఓడ అది. కానీ దాని అడుగు 30 మీటర్ల లోతున ఉంది, కొత్తగా నేర్చుకున్నవాళ్ల హద్దు 18 మీటర్లు. ఉప్పు ఓడలకి వేసిన రేవు స్తంభాల మధ్య అంత లోతు లేదు. ఓడ కట్టి ఉన్నప్పుడు మాత్రం అక్కడ దిగకూడదు. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలాలి. అట్లాంటా, హ్యూస్టన్ నుంచి వెళ్లే తెలుగువాళ్లు టికెట్లు కొనేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే మంచిది.

నిబంధనలన్నీ దిబ్బను కాపాడాయా అంటే, పూర్తిగా కాదు. 1999లో లెన్నీ తుఫాను అలవాటు తప్పి పడమర నుంచి వచ్చి, చాటున ఉండే తీరాన్నే కొట్టింది. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబడుతుంది, దానికి దీవి చట్టం అడ్డు రాదు. 2023లో స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ అనే రోగం బొనైర్ చేరింది. గట్టి పగడాల కణజాలం వారాల్లో ఊడిపోతుంది. పార్కు వెంటనే డైవింగ్ సామాను శుద్ధి చేసుకోవాలని చెప్పింది, కొన్ని చోట్లను తాత్కాలికంగా మూసింది. చేతిలో లేని ప్రమాదాలు ఇన్ని ఉన్నప్పుడు, చేతిలో ఉన్నవాటినైనా వదలకూడదని అక్కడివాళ్లు తీసుకున్న నిర్ణయమిది. నా దృష్టిలో అది 1971 నాటి ఈటె తుపాకీ నిషేధానికి కొనసాగింపు. కాబట్టి ఇప్పుడు ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఏ రోజు ఎక్కడ దిగాలో రాసుకునే ముందు, ప్రస్తుతం ఏ చోట్లు మూసి ఉన్నాయో పార్కువాళ్ల దగ్గర కనుక్కోవాలి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు సూటు, బూట్లు, జాకెట్టు శుద్ధి చేసుకోవడానికి పట్టే సమయాన్ని కూడా రోజువారీ లెక్కలో వేసుకోవాలి.